కాల్చి పారేసుడు కాదు, దించే హక్కు కావాలె!

2022 నవంబర్ 6, ఆదివారం. ఫ్రాంక్‌ఫర్ట్‌లో మా ఇంటి దగ్గరి బడిలో పెట్టిన పోలింగ్ కేంద్రానికి వెళ్లి ఓటు వేసి వచ్చాను. జర్మన్ పౌరసత్వం వచ్చిన తర్వాత నేను వేసిన మొదటి ఓటు అది. పన్నెండేళ్లు ఈ దేశంలో చదివి, పనిచేసి, చివరికి భారత పాస్‌పోర్టు వదులుకుంటే దక్కిన ఓటు. ఆ మొదటి ఓటుతో నేను ఎవరినీ గెలిపించలేదు. మా నగర మేయర్‌ను దించడానికి వేశాను.

ఆ సాయంత్రమే ఫలితం వచ్చింది. ఓటేసిన వాళ్లలో దాదాపు 95 శాతం మంది దిగిపొమ్మన్నారు. ఉత్సాహంతో మా తెలంగాణ మిత్రుల వాట్సాప్ గ్రూపులో రాశాను. అరగంటలో వచ్చిన జవాబులు చూడండి. "ఎన్ని కోట్లు తిన్నడు?" "జైల్ల ఏసిన్రా?" కేసు ఇంకా కోర్టులో ఉందని, శిక్ష పడినా బహుశా జరిమానాతో సరిపోతుందని చెప్పాను. అంతే! "గిదేం శిక్ష? చైనా లెక్క నిలబెట్టి కాల్చి పారెయ్యాలె. అప్పుడు గానీ బుద్ధి రాదు" అని ఒకరంటే, కింద పది మంది బొటనవేళ్లు ఎత్తారు.

ఆ పది బొటనవేళ్లకు జవాబు ఇవ్వడానికే ఈ వ్యాసం. తెలంగాణ కోసం కొట్లాడిన మనం, స్వపాలన అంటూ గొంతు చించుకున్న మనం, అవినీతి మాట రాగానే చైనా తుపాకీ వైపు ఎందుకు చూస్తున్నాం?

ముందు ఫ్రాంక్‌ఫర్ట్ కథ చెప్తాను.

పీటర్ ఫెల్డ్‌మన్ సోషల్ డెమోక్రటిక్ పార్టీ మనిషి. 2012లో అనుకోని విజయం ఆయనది. ప్రత్యర్థి అప్పటి హెస్సే రాష్ట్ర హోంమంత్రి బోరిస్ రైన్. ఆ రైనే తర్వాత ముఖ్యమంత్రి అయ్యాడు. బ్యాంకుల నగరంలో పేదల మాట మాట్లాడతాననే పేరుతో ఫెల్డ్‌మన్ గెలిచాడు. ఇంటి అద్దెలు తగ్గాలన్నాడు, చిన్నపిల్లల కిండర్‌గార్టెన్ల భారం తల్లిదండ్రుల మీద పడొద్దన్నాడు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఇల్లు వెతుక్కున్న మన పిల్లలెవరినైనా అడగండి, ఆ మాటలు ఎంత తియ్యగా వినిపిస్తాయో చెప్తారు. 2018లో రెండోసారి నిలబడితే తుది రౌండ్‌లో 70 శాతానికి పైగా ఓట్లు వచ్చాయి. అప్పుడు నాకు ఓటు లేదు. ఉంటే నేనూ ఆయనకే వేసేవాణ్ని.

ఇక పతనం. ఇక్కడ ఆవో అనే పెద్ద సేవాసంస్థ ఉంది. కార్మికుల సంక్షేమం కోసం 1919లో సోషల్ డెమోక్రాట్లు పెట్టుకున్న సంస్థ. వృద్ధాశ్రమాలు, శిశుకేంద్రాలు, శరణార్థుల వసతి గృహాలు నడుపుతుంది. మేయర్ కాకముందు ఫెల్డ్‌మన్ అందులోనే ఉద్యోగి. 2019 చివర్లో ఆ సంస్థ ఫ్రాంక్‌ఫర్ట్ శాఖలో పెద్దల అడ్డగోలు జీతాలు, ఖరీదైన కార్లు పత్రికలకెక్కాయి. తీగ లాగితే డొంకంతా కదిలింది. మేయర్ భాగస్వామి (తర్వాత ఆయన్నే పెళ్లి చేసుకుంది) ఆ సంస్థ కిండర్‌గార్టెన్‌కు అధిపతి. ఆ ఉద్యోగానికి మామూలుగా ఇచ్చే దానికన్నా ఎక్కువ జీతం. పైన కంపెనీ కారు. 2018 ఎన్నికలకు ఆ సంస్థ పెద్దలు చందాలు పోగు చేసిన సంగతి కూడా బయటికొచ్చింది.

కిండర్‌గార్టెన్ పేరు చెప్పి పైకొచ్చిన నాయకుడు కిండర్‌గార్టెన్ జీతం దగ్గరే జారిపడ్డాడు.

2022 వసంతంలో అభియోగపత్రం దాఖలైంది. ఆయన తప్పు చేయలేదన్నాడు, కుర్చీ వదలనన్నాడు. అదే మే నెలలో ఐంట్రాఖ్ట్ ఫ్రాంక్‌ఫర్ట్ జట్టు యూరోపా లీగ్ గెలిచి వస్తే, స్వాగత సభలో కెప్టెన్, కోచ్ చేతుల్లోంచి కప్పు లాక్కుని తనే ఊరేగించాడు. ఊరు ఊరంతా మండిపడింది. నిజాయితీగా ఒప్పుకోవాలి: నవంబర్‌లో ఓటేసిన వాళ్లలో చాలామందికి చట్టం సెక్షన్ కన్నా ఆ కప్పే ఎక్కువ గుర్తుంది.

జులైలో నగర సభ మూడింట రెండొంతుల మెజారిటీతో తొలగింపు తీర్మానం చేసింది. సొంత పార్టీ వాళ్లు కూడా ఆయనకు వ్యతిరేకంగా చేతులెత్తారు. అయినా సభ ఒక్కటే ఆయన్ను దించలేదు. హెస్సే చట్టం ప్రకారం మేయర్‌ను ప్రజలు నేరుగా ఎన్నుకుంటారు, కాబట్టి దించాల్సింది కూడా ప్రజలే. ఓటేసిన వాళ్లలో మెజారిటీ రావాలి, ఆ మెజారిటీ మొత్తం ఓటర్లలో కనీసం 30 శాతం ఉండాలి. ఐదు లక్షలకు పైగా ఓటర్లున్న నగరంలో లక్షన్నర మంది బయటికి వచ్చి "దిగిపో" అనాలన్న మాట. రాజకీయ పండితులు కష్టమే అన్నారు. రెండు లక్షలకు పైగా వచ్చాయి.

తీర్పు ఓటింగ్ అయ్యాక, డిసెంబర్ 23న వచ్చింది. 120 రోజుల జరిమానా, రోజుకు 175 యూరోల లెక్కన మొత్తం 21,000 యూరోలు. ఆయన అప్పీలును పై కోర్టు కూడా కొట్టేసింది. ఇక్కడ 90 రోజులు దాటిన జరిమానా నేరచరిత్ర సర్టిఫికెట్‌లో ఎక్కుతుంది. పదేళ్లు నగరాన్ని ఏలిన మనిషికి అది చిన్న మచ్చ కాదు.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. ఫెల్డ్‌మన్ ఫలానా ఫైలు మీద ఫలానా సంతకం పెట్టి డబ్బు తీసుకున్నాడని కోర్టు చెప్పలేదు. నేరం పేరే "ప్రయోజనం స్వీకరించడం". మేయర్‌గా ఆ సంస్థ మీద చల్లని చూపు ఉంచుతాడన్న లోపాయికారీ అవగాహన చాలు. 1997లో చట్టం మార్చి ఆ దారి వేశారు. నోట్ల కట్ట చేతులు మారక్కర్లేదు. ఇంట్లో వాళ్లకు ఉద్యోగం, జీతం, కారు, ఎన్నికల చందా – ఏదైనా లెక్కలోకి వస్తుంది. ఈ కొలబద్దతో మన దగ్గర కొలిస్తే ఎంతమంది ప్రజాప్రతినిధులు మిగులుతారో మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడు చైనాకు వద్దాం.

షు మైయోంగ్ హాంగ్‌జౌ నగర వైస్ మేయర్. కింది స్థాయి నుంచి ఎక్కుతూ వచ్చాడు. భూములు, నిర్మాణాలు ఆయన చేతిలో ఉండేవి. ముడుపులు, స్వాహా కలిపి దాదాపు 20 కోట్ల యువాన్ల కేసు. అదే కాలంలో సుజౌ వైస్ మేయర్ జియాంగ్ రెన్‌జియె మీద 10 కోట్ల యువాన్లు దాటిన లంచాల కేసు. 2011 జులై 19న ఇద్దరికీ ఒకే రోజు మరణశిక్ష అమలు చేశారు. మా గ్రూపు మిత్రులు కోరుకునే శిక్ష ఇదే.

బుద్ధి వచ్చిందా? పదేళ్లు తిరిగేసరికి అదే హాంగ్‌జౌ నగర పార్టీ కార్యదర్శి జౌ జియాంగ్‌యోంగ్ దొరికాడు. 18 కోట్ల యువాన్లకు పైగా లంచాలు తీసుకున్నాడని 2023 జులైలో మరణశిక్ష విధించి, అమలును రెండేళ్లు వాయిదా వేశారు. ముందు వాణ్ని చంపిన ఊళ్లోనే, అంతకన్నా పెద్ద కుర్చీలో! 2024 డిసెంబర్‌లో ఇన్నర్ మంగోలియాలోని హోహోట్ నగర అధికారి లీ జియాన్‌పింగ్‌కు మరణశిక్ష అమలైంది. ఆయన లెక్క 300 కోట్ల యువాన్లు దాటింది. 2011లో ఇద్దరు వైస్ మేయర్లు కలిసి తిన్నదానికి దాదాపు పది రెట్లు. తుపాకీ భయం పనిచేసి ఉంటే అంకె తగ్గాలి కదా, ఎందుకు పెరిగింది?

ఎందుకంటే ఆ నగరాల్లో వాళ్లను కుర్చీ ఎక్కించింది ప్రజలు కాదు, దించిందీ ప్రజలు కాదు. పార్టీ ఎక్కించింది, పార్టీ దించింది. ఎవరిని ఎప్పుడు పట్టుకోవాలో, ఎవరిని వదలాలో పైనున్న వాళ్ల ఇష్టం. హాంగ్‌జౌలో ఉండే మామూలు మనిషి తన వైస్ మేయర్‌ను భరించాడు, ఒక పొద్దున వాణ్ని చంపేశారని వార్త విన్నాడు. ఆ రెండింటిలోనూ అతను ప్రేక్షకుడే. ప్రజలు ప్రేక్షకులుగా ఉన్న చోట దొంగకు తన పైవాడంటేనే భయం, ప్రజలంటే భయం ఉండదు. పైవాడికి వాటా పంపితే ఆ భయం కూడా పోతుంది.

అందుకే అంటున్నాను: శిక్ష ఎంత పెద్దది అన్నది రెండో ప్రశ్న. పగ్గం ఎవరి చేతిలో ఉంది అన్నది మొదటి ప్రశ్న.

ఇప్పుడు మన ఇంటి సంగతి. ఇది చెప్పుకోవడానికి నాకు సిగ్గుగా ఉంది, అయినా చెప్తాను.

మా బాపు సర్కారు బడి పంతులు. 2011లో సకల జనుల సమ్మెలో 42 రోజులు, జీతం వస్తదో రాదో తెలియకుండా రోడ్డు మీద కూర్చున్నాడు. నేను అప్పుడు డార్మ్‌స్టాట్‌లో చదువుకుంటూ రాత్రుళ్లు ఫోన్ చేసి "బాపూ, పానం జాగ్రత్త" అనేవాణ్ని. "మన రాష్ట్రం మనకొస్తే మన ఆఫీసుల మన మాట నడుస్తది బిడ్డా" అనేవాడు.

రాష్ట్రం వచ్చింది. 2016లో రిటైరైన డబ్బుతో పాత ఇంటి మీద మొదటి అంతస్తు వేద్దామని పర్మిషన్‌కు పెట్టుకున్నాడు. కాయితాలన్నీ సరిగ్గా ఉన్నాయి. నాలుగు నెలలు తిరిగాడు. ఒకరోజు ఫైలు ఎందుకు కదలడం లేదో ఒక మధ్యవర్తి విడమరిచి చెప్పాడు. ముప్పై వేలు. అడిగిన వాళ్లది ఆంధ్రా కాదు, రాయలసీమ కాదు. మా బాపు దగ్గర చదువుకున్న పిల్లల్లాంటి వాళ్లే.

నేను ఫోన్‌లో గట్టిగా అరిచాను. ఏసీబీకి చెప్దామన్నాను. "ఇయ్యకపోతే నడువదు బిడ్డా. నువ్వు ఆడుండి పంచాయితీ పెట్టుకోకు, నేను ఈడ బతకాలె" అన్నాడు. ఆ డబ్బు పంపింది నేనే. అప్పటి లెక్కన 400 యూరోలు. రెండు వారాల్లో పర్మిషన్ వచ్చింది. ఇంటి పేరు "జయభేరి" అని పెడదామనుకున్న మనిషి తర్వాత ఆ ఊసే ఎత్తలేదు.

ఫెల్డ్‌మన్ ఓడిన రాత్రి బాపుకు ఫోన్ చేసి అంతా చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. "అంటే, పెండ్లానికి జీతం జర ఎక్కువిప్పిచ్చిండు, ఒక కారు. గింతేనా?" అన్నాడు. గింతే అన్నాను. కాసేపు మాట్లాడలేదు. "మన దగ్గర గింతకు అటెండర్‌ను కూడా బదిలీ చెయ్యరురా" అన్నాడు. నవ్వాడు గానీ, అది నవ్వులా లేదు.

బాపు చేతిలో ఏముంది మరి? 2002లో హైదరాబాద్ మేయర్‌ను ప్రజలే నేరుగా ఎన్నుకున్నారు. ఆ పద్ధతి తర్వాత పోయింది. జీహెచ్‌ఎంసీకి 2020 డిసెంబర్‌లో ఎన్నికలు జరిగితే 150 డివిజన్లలో ఏ పార్టీకీ సగం రాలేదు. మేయర్ ఎవరన్నది రెండు నెలల తర్వాత సీల్డ్ కవర్‌లో వచ్చింది. కవర్‌లో వచ్చిన మేయర్ ఎవరికి జవాబుదారీగా ఉండాలి, కవర్ పంపినవాళ్లకా, కాలనీలో నీళ్లు నిలిచిన వాళ్లకా? పార్టీ ఏదైనా ఇదే తంతు.

మన దగ్గర కూడా అవిశ్వాసం ఉంది కదా అంటారు. ఉంది. 2023 చివర్లో సర్కారు మారగానే 2024 మొదటి నెలల్లో రాష్ట్రమంతా మున్సిపాలిటీల్లో అవిశ్వాసాల వాన కురిసింది. కౌన్సిలర్లను బస్సులెక్కించారు, రిసార్టుల్లో దాచారు, ఓటింగ్ రోజు నేరుగా హాల్లో దించారు. చైర్మన్లు మారారు. ఆ బస్సుల్లో ఎక్కడైనా ఓటరు ఉన్నాడా? ఫ్రాంక్‌ఫర్ట్‌లో సభ తీర్మానం సగం దారి మాత్రమే, మిగతా సగం ప్రజలది. మన దగ్గర దారంతా రిసార్టే.

ఇక చట్టం. ఏసీబీ వల వేసి పట్టుకున్నా, కోర్టు విచారణ మొదలు కావాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. అవినీతి నిరోధక చట్టం సెక్షన్ 19 అది. 2018 సవరణ ఇంకో తాళం వేసింది. అధికారి తీసుకున్న నిర్ణయం మీద ఆరోపణ అయితే, దర్యాప్తు మొదలుపెట్టడానికే ముందు అనుమతి తెచ్చుకోవాలి. అనుమతి మూడు నెలల్లో తేల్చాలని రాశారు గానీ, తేల్చకపోతే ఏమవుతుందో ప్రజలకు చెప్పేవాళ్లు లేరు. 2024 జనవరిలో హెచ్‌ఎండీఏలో ప్లానింగ్ చూసిన ఒక పెద్ద అధికారిని ఏసీబీ అరెస్టు చేసినప్పుడు టీవీలన్నీ వాచీలు, ఫోన్లు, బంగారం చూపించాయి. ఆయన దోషో కాదో కోర్టు చెప్పాలి, నేను చెప్పను. నేను అడిగేది వేరు. టీవీల్లో వాచీలు చూసిన జనానికి, తర్వాత ఆ కేసు ఏ మెట్టు మీద ఉందో ఎవరైనా చెప్పారా?

జర్మనీ స్వర్గమని నేను చెప్పడం లేదు. 1999 దాకా జర్మన్ కంపెనీలు విదేశాల్లో ఇచ్చిన లంచాలను వ్యాపార ఖర్చు కింద రాసుకుని పన్ను తగ్గించుకునేవి. సీమెన్స్ లంచాల కుంభకోణం 2008లో ప్రపంచమంతా మోగింది. ఐక్యరాజ్యసమితి అవినీతి వ్యతిరేక ఒప్పందాన్ని భారత్ 2011లో ఆమోదిస్తే, జర్మనీ 2014 దాకా సాగదీసింది. తమ ఎంపీల లంచాల మీద గట్టి చట్టం చేసుకోవడానికి ఇక్కడి పార్లమెంటుకు మనసొప్పలేదు మరి. కరోనా కాలంలో మాస్కుల బేరంలో కమీషన్లు తిన్న ప్రజాప్రతినిధులు, అది చట్టంలో నేరం కాదని కోర్టులో బయటపడ్డారు. పెద్ద చేపలు ఇక్కడా వల తెంపుకుంటాయి. జర్మన్లు మనకన్నా పుణ్యాత్ములని కాదు నా వాదన. వాళ్లు తమ ఊరి మేయర్ పగ్గం తమ చేతిలో ఉంచుకున్నారు, మనం ఉంచుకోలేదు.

ఈ హక్కు అవినీతికి మాత్రమే కాదు. 2010లో డూయిస్‌బర్గ్‌లో లవ్ పరేడ్ తొక్కిసలాటలో 21 మంది చనిపోయారు. మేయర్ రాజీనామా చేయనన్నాడు. ఆ రాష్ట్రం 2011లో చట్టం మార్చి, తొలగింపు ఓటింగ్ కోరే హక్కు ప్రజలకే ఇచ్చింది. ఊరి జనం సంతకాలు సేకరించారు. 2012 ఫిబ్రవరిలో ఓటేసి దించారు. మన దగ్గర నాలా పొంగి మనిషి కొట్టుకుపోతే ఎవరు దిగారు?

"మన దగ్గర ఇట్లాంటి హక్కు ఇస్తే డబ్బులు పంచి రోజుకో మేయర్‌ను దించుతారు" అని కొందరంటారు. అందుకే గదా మూడింట రెండొంతుల సభ, 30 శాతం ఓటర్లు అన్న రెండు గడపలు. కౌన్సిలర్లను బస్సులో దాచొచ్చు, లక్షన్నర మంది ఓటర్లను ఏ రిసార్టులో దాస్తారు? ఇది మనకు తెలియని విద్య కూడా కాదు. పక్కనున్న ఛత్తీస్‌గఢ్‌లో పట్టణ సంస్థల అధ్యక్షులను ఓటుతో వెనక్కి పిలిచే చట్టం ఉంది. 2008లో ముగ్గురిని అట్లనే దించారు. ఛత్తీస్‌గఢ్‌కు చేతనైంది తెలంగాణకు చేతకాదా?

"పాస్‌పోర్టు వదులుకున్నవాడివి, నీకెందుకు?" అంటారు ఇంకొందరు. నిజమే, తెలంగాణలో నాకు ఓటు లేదు. కానీ 400 యూరోల లంచం పంపినప్పుడు నన్నెవరూ పాస్‌పోర్టు అడగలేదు. లంచం ఇవ్వడానికి ఉన్న అర్హత ప్రశ్నించడానికి ఎందుకు లేదు?

కాబట్టి మిత్రులారా, తుపాకీ ముచ్చట పక్కన పెట్టండి. వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో మీ గడప ముందుకొచ్చే ప్రతి పార్టీని మూడు మాటలు అడగండి. మేయర్‌ను, చైర్మన్‌ను మేమే నేరుగా ఎన్నుకునే చట్టం తెస్తారా? మేమే దించే హక్కు అందులో రాస్తారా? ఏసీబీ అనుమతి కోరిన ప్రతి కేసులో, ఏ తేదీన అడిగారు, ఏ తేదీన ఇచ్చారు, ఎందుకు ఇవ్వలేదు అన్నది ప్రజల ముందు పెడతారా? అవునంటే రాసివ్వమనండి. కాదంటే ఎందుకు కాదో చెప్పమనండి.

మనం రాష్ట్రం తెచ్చుకున్నది దొంగల భాష మారడానికి కాదు. పాలకుడు మనవాడైతే చాలదు, వాడి పగ్గం మన చేతిలో ఉన్నప్పుడే అది స్వపాలన. మా బాపుకు డెబ్బై దాటాయి. ఆయన ఆ ఆఫీసు మెట్లు ఎక్కి, కాయితం ఇచ్చి, చేతిలో ఏమీ పెట్టకుండా తలెత్తుకుని దిగి వచ్చే రోజు కోసం 2011లో రోడ్డు మీద కూర్చున్నాడు. ఆ రోజు ఇంకా రాలేదు.

జై తెలంగాణ!